ఊరి గుట్ట మీదికి గాలిమరలు వస్తున్నాయంటే: ఉరవకొండ వైపు నుంచి ఒక జవాబు

మీరు అడిగింది ఇది. పత్తికొండ దగ్గర మీ ఊరి గుట్ట మీద, దాని కింది చేలలో గాలిమరలు పెడతామని కంపెనీ మనుషులు తిరుగుతున్నారు. ఫ్యాన్లు వస్తే వానలు పోతాయని సగం ఊరు, ఊరు బాగుపడుతుందని మిగతా సగం. ఇప్పటికే వీటి మధ్య బతుకుతున్న ఊళ్ళవాళ్ళు ఏమనుకుంటున్నారు, మీ అన్నయ్య తన చేలో రెండెకరాలు ఇవ్వవచ్చా అన్నది మీ సందేహం.

మాది ఉరవకొండ ప్రాంతం. మిద్దె ఎక్కితే ఏ దిక్కు చూసినా ఫ్యాన్లే. మా పెదనాన్న చేలో ఒకటి ఉంది. దాని కరెంటు తీగలు మా నాన్న చేను మీదుగా పోతాయి. చేలో ఫ్యాను ఉన్నవాడు ఒక మాట అంటాడు, చేను మీద తీగ ఉన్నవాడు ఇంకో మాట అంటాడు, రెండూ లేక గుట్ట మీద మేకలు మేపుకునేవాడు మూడో మాట అంటాడు. మా ఊరి అభిప్రాయం ఏమిటని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది, ఎవరి అభిప్రాయం కావాలని.

మొదట వాన సంగతి తేల్చుకుందాం. మీ రచ్చబండ మీద మాట ఎక్కడ మొదలైనా చివరికి అక్కడికే వస్తుంది. ఫ్యాన్లు మబ్బులను తరిమేస్తాయని మా ఊళ్ళో ఇప్పటికీ చాలామంది నమ్మకం. దీన్ని మూఢత్వమని కొట్టిపారేసే పట్నం వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే ఈ నమ్మకం కళ్ళారా చూసిన దాంట్లోంచే పుట్టింది. మా జిల్లాలో గాలి విసురుగా వీచేది జూన్ నుంచి ఆగస్టు దాకా. పడమటి కనుమలు దాటి వచ్చే ఆ గాలి, తేమనంతా కనుమల అవతలే కురిసేసి ఒట్టి చేతులతో మా మీదికి వస్తుంది. సరిగ్గా అప్పుడే మా వాళ్ళు వేరుశనగ విత్తి ఆకాశం వంక చూస్తుంటారు. మబ్బులు వస్తాయి, ఆగకుండా పోతాయి. కింద ఫ్యాన్లు గిరగిరా తిరుగుతుంటాయి. మాకు వాన ఎక్కువగా పడేది సెప్టెంబరు, అక్టోబరులలో. అప్పటికి గాలి సద్దుమణిగి రెక్కలు చాలావరకు నిలబడిపోతాయి. తిరిగినప్పుడు వాన లేదు, ఆగినప్పుడు వాన ఉంది. ఏటేటా ఈ లెక్క కుదురుతుంటే ఎవరు మాత్రం నమ్మరు? ఏ గాలి ఫ్యాన్లను తిప్పుతోందో ఆ గాలే మబ్బులనూ తోసుకుపోతోందని చెబితే వింటారు, తల ఊపుతారు, మళ్ళీ జులై రాగానే పాత మాటే.

ఎత్తుల లెక్క కూడా చెప్పి చూశాను. ఇప్పటి గాలిమరల రెక్క కొన నేల నుంచి 150 మీటర్లు, 200 మీటర్లు, కొత్తవాటిలో కొన్నిటికి ఇంకాస్త ఎక్కువ. వాన మబ్బుల అడుగుభాగం కిలోమీటరుకు అటూ ఇటూ ఎత్తులో ఉంటుంది. పెద్ద సంఖ్యలో మరలు ఉన్నచోట రాత్రివేళ నేల దగ్గరి గాలి కలగలిసి ఉష్ణోగ్రత కాస్త మారుతుందని అమెరికాలోని టెక్సాస్‌లో ఉపగ్రహ సమాచారంతో గమనించారు. అది నిజమే, కానీ మబ్బులను తరమడం వేరే సంగతి. ఒకసారి మా వీధి పెద్దాయనతో వాదిస్తూ, 1876-78 నాటి ధాత కరువులో ఏ ఫ్యాను ఉందని అడిగాను. "లేదు గనకే అది ఇప్పటికీ పేరు పెట్టి చెప్పుకునే కరువైంది. ఇప్పుడు కరువుకు పేరెందుకు, ఏటా వస్తుంటే" అన్నాడాయన. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ తర్వాత 2021 నవంబరులో చిత్రావతి నది పొంగింది, 2022 అక్టోబరులో నడిమివంక వాగు అనంతపురం కాలనీలను ముంచింది. జిల్లాలో ఫ్యాన్లు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. ఆ రెండేళ్ళూ మా రచ్చబండ మీద వాన మాట వినిపించలేదు.

నేను గమనించినది ఇంకొకటి ఉంది. వాన మాట గట్టిగా ఎత్తేది ఎవరు? మా పెదనాన్న ఒక్కసారీ అనలేదు. మేకల వాళ్ళు రోజూ అంటారు. మా నాన్న తీగల పరిహారం సంగతి గుర్తొచ్చినప్పుడు అంటాడు. దారి పోయింది, బీడు పోయింది, అడగకుండా స్తంభం పాతారు అని ఎవరికి చెప్పుకోవాలో తెలియని కోపం వాన పేరుతో బయటికి వస్తోందని నా అనుమానం. ఎందుకంటే చెప్పుకోవడానికి నిజంగానే చోటు లేదు. సిమెంటు ఫ్యాక్టరీయో పెద్ద గనో వస్తే చట్ట ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. కలెక్టరేటు వాళ్ళు టెంటు వేసి, మైకు పెట్టి, ఎవరేమన్నారో రాసుకోవాలి. గాలి విద్యుత్తుకు ఆ తంతు లేదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ పరిధిలోకి గాలిమరలు రావు. కాలుష్య నియంత్రణ మండలి జాబితాలో అవి ఏ కాలుష్యమూ లేని తెల్ల వర్గంలో ఉన్నాయి. పొగ రాదు కాబట్టి అది సబబే అనిపిస్తుంది. కానీ పొగ రాదు కాబట్టి ఊరిని అడగనక్కరలేదు అన్నది ఎక్కడి న్యాయం?

పెద్ద గాలిమరలు మా ఊళ్ళ మీదికి ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. 1990ల మధ్యలో రామగిరి కొండల మీద మొదటివి పెట్టినప్పుడు అవి చిన్నవి, పైగా ఊళ్ళకు దూరంగా ఉండేవి. 2014 తర్వాత వచ్చినవి చేలలోకి దిగాయి. 2016-17 ఒక్క ఆర్థిక సంవత్సరంలోనే ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 2,200 మెగావాట్ల మరలు లేచాయి. ఇప్పుడు రాష్ట్రంలో మొత్తం 4,000 మెగావాట్ల పైచిలుకు ఉంటే, తెలంగాణలో ఉన్నవి 128 మెగావాట్లే. హైదరాబాదు మిత్రులు వీటి ముందు నిలబడి ఫోటోలు దిగి మురిసిపోవడంలో తప్పు లేదు.

మేమూ మురిశాం లెండి. మొదటి రెక్క వచ్చిన రోజు మా ఊళ్ళో తిరునాళ్ళే. ఊరి మలుపు దగ్గర ఆ పొడవాటి లారీ తిరగలేదు. ముందూ వెనకా మనుషులు ఈలలు వేస్తూ, వెదురు గడలతో కరెంటు తీగలు పైకెత్తి పట్టుకుంటూ, అంగుళం అంగుళం జరిపారు. వెనక చక్రాలకు వేరే స్టీరింగు, వేరే మనిషి. ఆంజనేయస్వామి గుడి ముందరి వేపచెట్టు కొమ్మ అడ్డం వస్తే పూజారిని అడిగి కొట్టారు. పిల్లలు బడి మానేసి రెక్క పక్కన నడుచుకుంటూ దాని పొడవు అడుగులతో కొలిచారు. ఆ ఒక్క రోజు ఊళ్ళో ఎవరికీ దేనిమీదా అభ్యంతరం లేదు.

తర్వాత మొదలైంది అసలు కథ. ఫ్యానుకు పట్టే భూమి తక్కువే. మర, దాని పక్కన క్రేన్ నిలబడే గట్టి నేల కలిపి రెండు మూడు ఎకరాలు. దాన్ని కంపెనీలు మా వైపు ఎక్కువగా కొనుక్కున్నాయి. పెదనాన్న అమ్మిన డబ్బుతో కూతురి పెళ్ళి చేశాడు, బోర్ల కోసం చేసిన అప్పు తీర్చాడు. మిగిలిన చేలో ఫ్యాను కాళ్ళ దాకా ఎప్పటిలాగే వేరుశనగ వేస్తాడు. క్రేన్ కోసం వేసిన దారి ఇప్పుడు ఆయన ట్రాక్టరుకు పనికొస్తోంది. ఆయనను అడిగితే ఫ్యాన్లంత మంచివి లేవు. ఒకే ఒక్క చింత ఏమిటంటే, ఏడాది తర్వాత అమ్మిన పక్క చేనువాడికి ఎక్కువ ధర పలికింది. మధ్యవర్తి ఊరివాడే, అందుకే ఆ సంగతి ఇప్పటికీ పెళ్ళిపందిళ్ళలో పైకి వస్తుంటుంది.

మా నాన్న సంగతి అలా కాదు. మర దగ్గర కరెంటు పుట్టేది 690 వోల్టుల వద్ద. అక్కడి ట్రాన్స్‌ఫార్మరులో అది 33 కేవీకి, అంటే 33 వేల వోల్టులకు పెరిగి, తీగల మీద పది పదిహేను చేలు దాటి కంపెనీ సబ్‌స్టేషన్‌కు చేరి, అక్కడి నుంచి 220 కేవీ లైనెక్కి పోతుంది. ఫ్యాను ఒక చేలో ఉంటే స్తంభాలు చాలా చేలలో ఉంటాయి. భూమి అమ్మినవాడికి లక్షలు, స్తంభం పాతించుకున్నవాడికి పంట నష్టం కింద చేతిలో పెట్టిందే పరిహారం. అదీ నిలబడి ఉన్న పంటలో పాతితేనే. మా చేలో పాతినప్పుడు మేము ఊళ్ళో కూడా లేము, పెళ్ళికి వెళ్ళాం. వచ్చి చూస్తే చేను గట్టున రెండు స్తంభాలు నిలబడి ఉన్నాయి. అడిగితే, అందరూ ఒప్పుకున్నారు కదా అన్నారు. నా లెక్కలో మా చుట్టుపక్కల గాలిమరల మీద వచ్చిన గొడవల్లో సగానికి సగం ఫ్యాన్ల గురించి కావు, ఈ స్తంభాల గురించే.

మీకు ఉపయోగపడే విషయం ఒకటి. 66 కేవీ, ఆ పైన వెళ్ళే పెద్ద లైన్లకు కేంద్ర విద్యుత్ శాఖ 2024లో పరిహారం పెంచుతూ రాష్ట్రాలకు మార్గదర్శకాలిచ్చింది. టవరు కాళ్ళ కింది భూమికి విలువకు రెండింతలు, తీగల కింది పట్టీకి విలువలో 30 శాతం. మర నుంచి సబ్‌స్టేషన్ దాకా పోయే 33 కేవీ తీగలు ఆ లెక్కలోకి రావు. కాబట్టి అక్కడ మీ బేరమే మీకు రక్ష. స్తంభాలు ఎవరెవరి చేలలోంచి పోతాయో వాళ్ళంతా కలిసి ఒక్క ధర మాట్లాడుకోవాలి. మా ఊళ్ళో ఎవరికి వాళ్ళు మాట్లాడుకున్నారు, అందుకే ఎవరి ధర వాళ్ళది.

మూడో వర్గం గుట్ట మీద ఆధారపడినవాళ్ళు. రికార్డుల్లో గుట్ట బంజరు, ప్రభుత్వానిది. మేకలకు మాత్రం అదే మేత, ఊరి చెరువుకు అదే నీళ్ళ దారి. దీనికి ముష్టికోవెల దగ్గరి కల్పవల్లిని చూడండి. చెన్నేకొత్తపల్లి, రొద్దం, రామగిరి మండలాల మధ్య బోడి కొండలను అక్కడి ఊళ్ళవాళ్ళు టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడుతో 1990ల నుంచి కాపాడుకుంటూ వచ్చారు. గడ్డి తిరిగి లేచింది, చెట్లు మొలిచాయి, ఆ ఎండిన నేలలో వేల ఎకరాల అడవి తయారైంది. తర్వాత రెవెన్యూ రికార్డుల్లో బంజరుగా ఉన్న ఆ కొండల మీద గాలిమరలకు అనుమతి వచ్చింది. క్రేన్ల కోసం కొండ నడుములు కోసి దారులు వేశారు, తవ్విన మట్టి వాలుల మీద పోశారు, వాన నీళ్ళు దిగే దారులు చెదిరాయి. వ్యవహారం పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. అక్కడివాళ్ళు పర్యావరణం పట్టనివాళ్ళు కారు, గాలి విద్యుత్తు అంటే తెలియనివాళ్ళు అంతకంటే కారు. పర్యావరణం పేరుతో వచ్చినదే తాము పెంచిన అడవిని కోసిందన్నది వాళ్ళ బాధ. ఒక గాలిమరను నిలబెట్టడం కంటే దాని దగ్గరికి దారి వేయడమే కొండకు ఎక్కువ నష్టం చేస్తుందని నేను నేర్చుకున్నది అక్కడి సంగతి విన్నాకే. మీ గుట్ట విషయంలో కూడా ఎన్ని ఫ్యాన్లు అన్నది రెండో ప్రశ్న. దారి ఏ వైపు నుంచి అన్నది మొదటిది.

ఉద్యోగాల గురించి ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. కట్టే ఏడాదిలో ఊరు కళకళలాడుతుంది. టిప్పర్లు, జీపుల బాడుగలు, ఇళ్ళ అద్దెలు, టీ బంకులు. ఆ పనుల కాంట్రాక్టులు ఎవరికి పోతాయో మీ మండల రాజకీయం తెలిసినవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. కట్టాక మిగిలేవి కాపలా ఉద్యోగాలు, ఐటీఐ చదివినవాళ్ళకు కొద్దిపాటి నిర్వహణ పనులు. అవి కూడా గాలిలో దీపాలే. 2019లో రాష్ట్ర ప్రభుత్వం పాత గాలి, సౌర విద్యుత్ ఒప్పందాల ధరలను తిరగదోడింది. ఒప్పందంలో యూనిట్‌కు రూ. 4.84 దాకా ఉంటే, కేసు తేలేదాకా రూ. 2.43 చొప్పున చెల్లించమని హైకోర్టు మధ్యంతరంగా చెప్పింది. చివరికి 2022 మార్చిలో ఒప్పందం ధరే చెల్లించాలని తీర్పు వచ్చింది. ఈ మూడేళ్ళ వ్యవహారం అమరావతిలో నడిచింది, మా ఊళ్ళో కాపలా కుర్రాళ్ళ జీతాలు నెలల తరబడి ఆగాయి. "గాలిన పోయే కంపను తగిలించుకున్నాం" అని అప్పటిదాకా ఫ్యాన్లను వెనకేసుకొచ్చిన కుర్రాడే అన్నాడు.

చప్పుడు గురించి అడుగుతారేమో. ఉంటుంది. పగలు తెలియదు, రాత్రి ఊరు మాటు మణిగాక హుష్ హుష్ మని ఒకే లయలో వినిపిస్తుంది. మాకు అలవాటైంది, వచ్చిన చుట్టాలకు నిద్ర పట్టదు. పొద్దు వాలేటప్పుడు రెక్కల నీడ చేల మీదుగా తుడుచుకుంటూ పోతుంది. మొదట్లో ఎద్దులు బెదిరాయి, ఇప్పుడు పట్టించుకోవు. మా పక్కన వజ్రకరూరులో తొలకరి పడగానే జనం చేలలో వజ్రాలు వెతుకుతారు కదా, ఇప్పుడు కొన్నిచోట్ల ఆ నీడల్లోనే వెతుకుతున్నారు. కేంద్రం 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇంటికి 500 మీటర్ల లోపు మర పెట్టకూడదని ఉండేది, ఇప్పటి నియమం ఏమిటో కనుక్కోండి. చేలలో కాపురముండే కొట్టాలను కొలతలప్పుడు ఇళ్ళ కింద లెక్కలోకి తీసుకోమని మొదటే పట్టుబట్టండి.

ఇక అందరూ అనే మాట: మా గుట్ట మీద కరెంటు పుడుతుంటే మాకు కోతలెందుకు? లైను ఎటు పోతుందో పైన చెప్పాను. ఆ కరెంటు గ్రిడ్డులో కలిసి రాష్ట్రమంతా పోతుంది, మన బోర్లకు వచ్చే తొమ్మిది గంటల సరఫరాకు దానితో నేరుగా లంకె లేదు. సాంకేతికంగా ఇది సరైన జవాబే. కానీ ఇంజనీరు ఈ జవాబు చెప్పి కూర్చుంటే ఊరు శాంతించదు. ఎందుకంటే అడుగుతున్నది తీగ గురించి కాదు, వాటా గురించి. డెన్మార్క్ వాళ్ళు ఈ సంగతి గ్రహించి చట్టమే చేశారు. 2009 నుంచి కొత్తగా పెట్టే గాలిమరల్లో కనీసం 20 శాతం వాటాలు నాలుగున్నర కిలోమీటర్ల లోపు ఉండేవాళ్ళకు ముందుగా అమ్మజూపాలి. 2020 తర్వాత పద్ధతి మారింది, ఇప్పుడు పొరుగువాళ్ళకు ఏటా సొమ్ము ముట్టజెప్పే ఏర్పాటు ఉంది. మన దగ్గర అలాంటి చట్టం లేదు. సామాజిక బాధ్యత నిధుల కింద మా ఊరికి ఒక మంచినీటి ప్లాంటు, బడికి బెంచీలు వచ్చాయి. ప్లాంటు బాగానే నడుస్తోంది. కానీ అది దయతో ఇచ్చినది, ఏటా లెక్క చెప్పి అడిగి తీసుకునేది కాదు.

మీ అన్నయ్య సంగతికి వస్తాను. ముందు ఆ రెండెకరాలు సొంత పట్టానా, ప్రభుత్వం ఇచ్చిన డీకేటీ పట్టానా చూడండి. డీకేటీ భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. 2023 సవరణతో 20 ఏళ్ళు దాటిన వాటికి అమ్ముకునే హక్కులిచ్చారు, ప్రభుత్వం మారాక వాటి రిజిస్ట్రేషన్లు నిలిపి పరిశీలనకు పెట్టారు. ఆ స్థితిలో మధ్యవర్తి చెప్పే కాగితం మీద సంతకం చేయడం తెలిసి గోతిలో దిగడమే. సొంత పట్టా అయితే ఇవ్వవచ్చు, నేనైతే అమ్మకం కంటే కౌలు అడుగుతాను. ఏటా డబ్బు వస్తుంది, ఎన్నేళ్ళకోసారి ఎంత శాతం పెరగాలో రాయించుకోవచ్చు. మర జీవితకాలం పాతికేళ్ళు అటూ ఇటూ. ఆ తర్వాత దాన్ని ఎవరు విప్పాలి, నేలలో ఉన్న కాంక్రీటు దిమ్మెను ఎవరు తీయాలి అన్నది కూడా ఒప్పందంలో ఉండాలి. కంపెనీ చేతులు మారితే కొత్తవాడికీ ఆ షరతులు వర్తించాలి. చేతులు మారడం ఈ వ్యాపారంలో మామూలే. ఒప్పందం తెలుగు ప్రతి ఇవ్వమనండి, ఇవ్వకపోతే ఇచ్చేదాకా ఆగండి. వాళ్ళకున్నంత తొందర మీకు లేదు.

గుట్ట విషయం మీ అన్నయ్య ఒక్కడి చేతిలో లేదు, అది గ్రామసభలో తేలాలి. కంపెనీ పంచాయతీ నుంచి నిరభ్యంతర పత్రం అడుగుతుంది. మీ ఊరి చేతిలో ఉన్న ఒకే ఒక్క తాళంచెవి అదే. సర్పంచి సంతకం పెట్టేముందు దారులు, స్తంభాలు, మరలు గుర్తించిన పటం గ్రామసభ ముందు పెట్టించండి. ఆ పటం చేతికొచ్చాక మంచి వాన పడిన మర్నాడు గుట్ట ఎక్కి, నీళ్ళు ఏ వంకలోంచి చెరువుకు దిగుతున్నాయో చూసి దాని మీద గీయండి. మేకల వాళ్ళను తప్పకుండా వెంట తీసుకెళ్ళండి. ఆ వంకలు సర్వేయరు కంటే వాళ్ళకే బాగా తెలుసు.